కత్తెర పక్కన పెట్టండి

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. మామూలుగా ఇక్కడ కొత్తగా నేర్చుకున్న మాటల గురించి, నా పాత పేపర్ల పిచ్చి గురించి రాస్తుంటాను. ఈసారి తగాదాకి వచ్చాను. కోపంలో నాకు ఇంగ్లీషే ముందు వస్తుంది, అందుకని ప్రతి పేరా రెండు మూడు సార్లు తిరగరాశాను. అయినా ఒత్తులు అక్కడక్కడ తప్పుపోయి ఉంటాయి. సర్దుకోండి.

పోయిన నెల మిస్సిసాగాలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాలయ్యాక అంకుల్ ఇల్లంతా చూపిస్తూ బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళారు. గోడ మీద వరసగా మూడు ఫ్రేములు. మూడూ 1914 నాటి లండన్ బొమ్మల పేపర్ల పేజీలు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఫ్రాన్స్‌లో దిగిన భారతీయ సైనికులు. తలపాగాలు, గడ్డాలు, గుర్రాలు. "ఒరిజినల్ బాబూ, జిరాక్సు కాదు" అన్నారు అంకుల్. నిజమే, ఒరిజినలే. దగ్గరికి వెళ్ళి చూస్తే ఎడమ అంచున బ్లేడు గీత కనపడింది.

"అంకుల్, మిగతా పేపరు ఏదీ?"

"మిగతాదా? అమ్మినాయన దగ్గరుంటుంది. లేకపోతే పారేసుంటాడు. దాంతో మనకేం పని?"

అక్కడ నేనేమీ అనలేదు. చేతిలో ఆంటీ పెట్టిన తాంబూలం ఉంది. తాంబూలం పట్టుకుని పెద్దవాళ్ళతో వాదించకూడదని అమ్మ నేర్పింది. ఇప్పుడు చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను. అంకుల్, మీరు యుద్ధ చరిత్రను కాపాడలేదు. దాన్ని ముక్కలు చేయడానికి డబ్బిచ్చారు. మీకు తెలియక ఇచ్చారు. నేనూ ఒకప్పుడు అదే పని నా చేతులతో చేశాను, అది కూడా చెప్తాను.

ముందు ఈ పేపర్లు ఏమిటో తెలియనివాళ్ళ కోసం. ఫోటోలను పేపర్లో అచ్చువేయడం చేతకాని రోజుల్లో, 1842లో, లండన్‌లో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ అనే వారపత్రిక మొదలైంది. వార్తలతో పాటు బొమ్మలు. 1869 డిసెంబరులో దానికి పోటీగా గ్రాఫిక్ వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో ఇక్కడ మాంట్రియల్‌లో కెనేడియన్ ఇలస్ట్రేటెడ్ న్యూస్ మొదలై 1883 దాకా నడిచింది. లండన్ పత్రికల్లో బొమ్మలు చెక్క మీద చెక్కేవాళ్ళు. యుద్ధభూమి నుంచి చిత్రకారుడు పెన్సిల్ స్కెచ్ పంపితే, లండన్‌లో దాన్ని బాక్స్‌వుడ్ దిమ్మల మీదకి ఎక్కించేవాళ్ళు. ఆ చెట్టు మాను సన్నగా ఉంటుంది, పెద్ద పలక రాదు. అందుకని చిన్న చిన్న దిమ్మల్ని బోల్టులతో బిగించి ఒక పెద్ద పలక చేసేవాళ్ళు. బొమ్మ గీశాక బోల్టులు విప్పి తలా ఒక దిమ్మ పంచుకుని చెక్కి, మళ్ళీ బిగించేవాళ్ళు. నా దగ్గరున్న కొన్ని పేజీల్లో ఆకాశం మధ్యలో సన్నని తెల్ల గీత కనిపిస్తుంది. రెండు దిమ్మలు సరిగ్గా కలవని చోటు అది. నాకు బొమ్మ కంటే ఆ గీతే ఎక్కువ ఇష్టం.

యుద్ధం వస్తే ఈ పత్రికలకి చేతినిండా పని. 1854లో క్రిమియా యుద్ధం నుంచి మొదలుపెట్టి ప్రతి యుద్ధానికీ చిత్రకారులు వెళ్ళారు, లేదా సైనికులే గీసి పంపారు. అందుకే ఇప్పుడు యుద్ధాల పిచ్చి ఉన్నవాళ్ళంతా ఈ పేపర్ల వెంట పడతారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి.

తెలుగులో ఒక్కో పేపరు ఇష్యూని సంచిక అంటారని నేర్చుకున్నప్పుడు, అది సంచిలాంటిదే అనుకున్నాను. అమ్మకి చెప్తే ఫోన్లో పడిపడి నవ్వింది. నవ్వితే నవ్వింది, నాకు ఆ పొరపాటు నచ్చింది. ఒక వారంలో జరిగినవన్నీ ఒకే సంచిలో. యుద్ధం బొమ్మ, దాని పక్కన సబ్బు ప్రకటన, చనిపోయిన అధికారుల పేర్లు, కొత్త నాటకం, ఎక్కడో వరద. సంచి చింపి ఒక్క వస్తువు తీసుకుంటే మిగతావి కింద పడిపోతాయి.

ఇక నా పాపం.

కెనడాలో 1885లో ఒక యుద్ధం జరిగింది. ఇక్కడ పుట్టిన నాకే హైస్కూల్ దాకా దాని గురించి సరిగ్గా తెలియదు. ఇప్పటి సస్కాచెవాన్‌లో మేటీ ప్రజలు లూయీ రియెల్ నాయకత్వంలో ప్రభుత్వం మీద తిరగబడ్డారు. ఆకలితో, మాట తప్పిన ఒప్పందాలతో విసిగిపోయిన క్రీ ప్రజల్లో కొందరూ ఆయుధాలు పట్టారు. మార్చి 26న డక్ లేక్ దగ్గర మొదటి కాల్పులు, మే 12న బటోష్ పతనం, నవంబరు 16న రెజైనాలో రియెల్‌కి ఉరి. ఆ కొద్ది నెలల యుద్ధం కోసమే టొరంటోలో గ్రిప్ అనే ముద్రణ సంస్థ ఒక ప్రత్యేక బొమ్మల పత్రిక వేసింది. పేరు కెనేడియన్ పిక్టోరియల్ అండ్ ఇలస్ట్రేటెడ్ వార్ న్యూస్.

పదకొండేళ్ళ క్రితం ఆ పత్రిక సంచిక ఒకటి నా చేతికి వచ్చింది. అందులో కట్ నైఫ్ కొండ దగ్గర జరిగిన పోరాటం బొమ్మ ఉంది. నాకు అప్పుడు కొత్త అపార్ట్‌మెంట్, ఖాళీ గోడ. స్టీలు స్కేలు పెట్టి, బ్లేడుతో, చాలా నీటుగా ఆ బొమ్మ కోసుకున్నాను. మిగతా కాగితాలు నీలం డబ్బాలో వేశాను. ఒంటారియోలో ఉండేవాళ్ళకి తెలుసు నీలం డబ్బా అంటే ఏమిటో. బుధవారం పొద్దున లారీ వచ్చి తీసుకుపోయింది.

ఆ బొమ్మ చూస్తే ఓడి వెనక్కి వచ్చిన సైన్యం అని ఎవరూ అనుకోరు. కానీ జరిగింది అదే. 1885 మే 2 తెల్లవారుజామున కర్నల్ ఆటర్ సుమారు 325 మందితో క్రీ, అసినిబోయిన్ ప్రజలు దిగి ఉన్న చోటు మీద పడ్డాడు. కొన్ని గంటల పోరాటం తర్వాత వెనక్కి తగ్గక తప్పలేదు. పారిపోతున్న సైనికుల్ని వెంటాడవద్దని తన వాళ్ళని ఆపింది క్రీ నాయకుడు పౌండ్‌మేకర్. ఆపకపోయి ఉంటే ఎంతమంది చచ్చేవాళ్ళో. దానికి బదులుగా ప్రభుత్వం ఆయన మీద రాజద్రోహం నేరం మోపి జైల్లో పెట్టింది. ఆరోగ్యం చెడి బయటికి వచ్చి 1886లో చనిపోయాడు. 2019 మే 23న ప్రధాని ట్రూడో ఆ ఊరికి వెళ్ళి, పౌండ్‌మేకర్ నిర్దోషి అని ప్రకటించి క్షమాపణ చెప్పాడు.

ఆ రోజు టీవీలో ఆ వార్త చూస్తున్నప్పుడు నా ఫ్రేము టీవీకి సరిగ్గా పైన ఉంది. ఈ పత్రిక బొమ్మలో గెలిచినట్టు చూపించింది, మరి మాటల్లో ఏం రాసిందో చూద్దామని లేచాను. రెండడుగులు వేశాక గుర్తొచ్చింది. మాటలు నీలం డబ్బాలో పోయాయి. నా గోడ మీద మిగిలింది అబద్ధం ఒక్కటే. దాన్ని నేను నాలుగేళ్ళు వచ్చినవాళ్ళందరికీ చూపించాను, "ఒరిజినల్" అని.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక మాట అంటారు. ఈ పేపర్లన్నీ తెల్లదొరల డబ్బా కదా, వాటిని కోస్తే ఏం, కాలిస్తే ఏం, తెలుగువాడివి నీకెందుకు బాధ అని. నేను దీనికి సరిగ్గా ఎదురు చెప్తాను. డబ్బా అయినందుకే కోయకూడదు. కోసిన బొమ్మకి తేదీ లేదు, రాసినవాడి పేరు లేదు, పక్కన దాన్ని ప్రశ్నించే మరో వార్త లేదు. అబద్ధం ఒంటరిగా, ఫ్రేములో, లైటు కింద చాలా అందంగా ఉంటుంది. మొత్తం సంచిక ముందర పెట్టుకుంటే దాని పరువు పేజీ పేజీకీ పోతుంది. ఇరవయ్యో పేజీలో ఏదో చిన్న టెలిగ్రాం మొదటి పేజీ బొమ్మని ఎండగడుతుంది. (ఎండగట్టడం! ఈ మాట వాడటానికి ఆరు నెలలుగా ఎదురు చూస్తున్నాను.)

అయితే నా కోపానికి అసలు కారణం 1885 కాదు. 1877.

రెండేళ్ళ క్రితం ఒంటారియోలోనే ఒక చిన్న ఊళ్ళో పాత వస్తువుల షాపుకి వెళ్ళాను. షాపాయన మర్యాదస్తుడు. నేను యుద్ధాల పేపర్లు కొంటానని ఆయనకి తెలుసు. "నువ్వు లేటు. 1877 గ్రాఫిక్ ఒకటి వచ్చింది. రష్యా టర్కీ యుద్ధం పేజీలన్నీ పోయాయి, ప్లెవ్నా కోట ముట్టడి బొమ్మలకి మంచి రేటు వచ్చింది. మిగిలిన చెత్త ఆ డబ్బాలో ఉంది, ఏదైనా ఐదు డాలర్లు" అన్నాడు. ఊరికే డబ్బా కెలికాను. గుర్రపు పందేలు, పెళ్ళి బట్టలు, ఓడలు. అడుగున ఒక పేజీ. బక్కచిక్కిన మనుషులు, ఎముకలు తేలిన పశువులు. కింద ఇంగ్లీషులో మద్రాసు ప్రెసిడెన్సీ, బళ్ళారి జిల్లా అని ఉంది.

బళ్ళారి కర్ణాటకలో ఉంది కదా, మనకేం సంబంధం అనుకునేవాళ్ళకి ఒక మాట. అనంతపురం జిల్లా 1882లో పుట్టింది. అంతకు ముందు గుత్తి, తాడిపత్రి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం అన్నీ బళ్ళారి జిల్లాలోనే. మా అవ్వది గుత్తి దగ్గర పల్లె. 1877లో ఎవరైనా మా అవ్వ వాళ్ళ ముత్తాతని బొమ్మ గీసి ఉంటే, కింద బళ్ళారి జిల్లా అనే రాసేవాళ్ళు.

అది ధాత కరువు. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. 1878 దాకా సాగింది. చనిపోయినవాళ్ళు 50 లక్షలకు పైనే అని అంచనా. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తున్నప్పుడు ఇక్కడ సీమలో జనం చస్తున్నారు. వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్, కరువు పనిలో మట్టి మోసే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని లెక్క కట్టాడు. పౌను అంటే అర కిలో కంటే తక్కువ. రోజంతా మట్టి మోస్తే. మద్రాసులో ఉన్న బకింగ్‌హాం కాలువలో ఒక భాగం అప్పటి కరువు కూలీలు తవ్వినదే. కాలువకి మాత్రం గవర్నరు పేరు పెట్టారు.

ఆ ఐదు డాలర్ల పేజీ ఇంటికి తెచ్చి, వీడియో కాల్‌లో అవ్వకి చూపించాను. అవ్వ చిన్నప్పుడు 1952 కరువు చూసింది. గంజి కేంద్రం ముందు గిన్నె పట్టుకుని నిలబడిన మనిషి. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను పేపరు గొప్పతనం చెప్పబోతుంటే ఆపి, ఒక్కటే అడిగింది.

"ఎవురు గీసినారు నాయనా ఇది? వాళ్ళకేమన్నా పెట్టినారా, ఊరికే గీసుకోని పోయినారా?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకు లేదో చెప్తాను, ఈ మొత్తం తగాదా దాని కోసమే.

గ్రాఫిక్‌లో, ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లో బొమ్మ ఒక పేజీలో ఉంటే, దాని వివరణ చాలాసార్లు వేరే పేజీలో ఉంటుంది. ఈ బొమ్మ ఎవరి స్కెచ్ నుంచి తీసుకున్నాం, ఏ ఊరు, ఏ నెల, అక్కడ ఏం జరిగింది, అన్నీ ఆ వివరణలో. పెద్ద కాగితానికి ఒక వైపు బొమ్మలు, రెండో వైపు అక్షరాలు అచ్చువేసేవాళ్ళు కాబట్టి, చాలా బొమ్మల వెనక ఏవో మాటలుంటాయి. షాపాయన ప్లెవ్నా బొమ్మ కోసినప్పుడు దాని వెనక ఏ మాటలున్నాయో చూడలేదు. చూడాల్సిన అవసరం ఆయనకి లేదు. నా బళ్ళారి బొమ్మ గురించిన నాలుగు లైన్లు బహుశా ఇప్పుడు ఎవరి గదిలోనో, రష్యా ఫిరంగుల వెనక, జిగురు కింద ఉన్నాయి. ఫ్రేము విప్పితే తప్ప కనపడవు. ఎవరూ విప్పరు.

పైగా గ్రాఫిక్ పేరూ తేదీ ఉండే పైఅంచు కూడా ఆయన కత్తిరించేశాడు. ఫ్రేములో బాగా కూర్చోవాలి కదా. ఇది 1877 అక్టోబరులోది అని తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది.

మనం యుద్ధం పేపర్లు అని వాటికి పేరు పెట్టాం. ఆ వారం లండన్‌లో చదివినవాడికి అది యుద్ధం పేపరూ కాదు, కరువు పేపరూ కాదు. ప్లెవ్నా దగ్గర ముట్టడి, గుత్తి దగ్గర ఆకలి రెండూ ఒకే టీ బల్ల మీదకి వచ్చాయి. ఏ బొమ్మకి ఎంత చోటిచ్చారు, ఏది ముందు పెట్టారు, ఏది వెనక్కి నెట్టారు, అది కూడా చరిత్రే. కత్తెర వేసినవాడు ఆ చరిత్రని కూడా కోసేస్తాడు. 150 ఏళ్ళ తర్వాత ఈ షాపులో మళ్ళీ అదే లెక్క. ఫిరంగికి నలభై, ఆకలికి ఐదు.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ఆయన కోయకపోతే ఆ పేజీ నాకు ఐదు డాలర్లకి దొరికేది కాదు. అసలు నా కంటపడేదే కాదు. దీనికి నా దగ్గర తెలివైన సమాధానం లేదు. ఉన్నమాట చెప్పాను.

ఇక అంకుల్ ఫోన్లో చెప్పిన వాదనలు. (అవును, తర్వాత ఫోన్ చేసి మాట్లాడాను. కోప్పడలేదు. మంచి మనిషి.)

మొదటిది: "ఇవన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా." చాలావరకు ఉన్నాయి. లండన్ పత్రికలు బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో డబ్బు కట్టి చూడొచ్చు. మాంట్రియల్ పత్రికని క్యూబెక్ జాతీయ గ్రంథాలయం ఉచితంగా పెట్టింది. నా బళ్ళారి పేజీ నెల దొరికింది కూడా ఆన్‌లైన్‌లో పోల్చుకునే. నేను స్కాన్లకి శత్రువుని కాదు. కానీ స్కాను ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరో ఎక్కడో కోయకుండా దాచిన కాగితం నుంచి. పాత మైక్రోఫిల్ము నుంచి తీసిన స్కాన్లలో అక్షరాలు చదవొచ్చు, బొమ్మలు మాత్రం బొగ్గు పూసినట్టు ఉంటాయి. సన్నని గీతలన్నీ కలిసిపోతాయి. మైక్రోఫిల్ము ఉంది కదా అని లైబ్రరీలు అసలు పేపర్లు వదిలించుకున్న కథ నికల్సన్ బేకర్ అనే అమెరికన్ రచయిత 2001లో డబుల్ ఫోల్డ్ అనే పుస్తకంలో రాశాడు. 1999లో బ్రిటిష్ లైబ్రరీ తన అమెరికన్ పేపర్ల సంపుటాలు అమ్మకానికి పెడితే, ఆయన సొంత డబ్బు పెట్టి వేల సంపుటాలు కొని దాచాడు. 2004లో అవి డ్యూక్ యూనివర్సిటీకి చేరాయి. ఆయన పోటీ పడింది ఎవరితో? పేపర్లు విడదీసి పుట్టినరోజు కానుకలుగా అమ్మే వ్యాపారులతో కూడా.

రెండోది: "బాక్సులో ఉంటే ఎవరు చూస్తారు? గోడ మీద ఉంటే నలుగురూ చూస్తారు." ఇది బలమైన మాట. నా పేపర్లు మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి, చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. కానీ గోడ మీద చూపించడానికి మంచి కాపీ చాలదా? ఆ సైజులోనే రంగు కాపీ తీయించుకోండి, ఫ్రేము కట్టండి, పక్కన పేపరు పేరూ తేదీ రాయండి. నలుగురూ చూస్తారు. అసలు కాగితానికి ఎండ తగలదు. 1870ల తర్వాతి పేపర్లు చాలావరకు చెక్క గుజ్జుతో చేసినవి, అందులోని ఆమ్లం వల్ల వెలుతురులో త్వరగా పసుపెక్కి పొడి అవుతాయి. మీ 1914 పేజీలు ఆ బేస్‌మెంట్ స్పాట్‌లైట్ల కింద మీ మనవళ్ళ దాకా ఉండవు అంకుల్.

మూడోది ఆయన నవ్వుతూ అన్నారు: "మన ఊళ్ళో పేపరు ఏం చేస్తారు? పొట్లం కడతారు." నిజం. దానికి నేనూ నవ్వాను. మా అమ్మ అలమారలో అరల మీద పేపరు పరిచేది, ఆర్నెల్లకోసారి తూకానికి వేసేది. 1914 ఏప్రిల్‌లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆంధ్రపత్రికని మద్రాసులో దినపత్రికగా మొదలుపెట్టారు. ఆరు నెలలు తిరగకుండానే, సెప్టెంబరు 22 రాత్రి, జర్మన్ ఓడ ఎమ్‌డెన్ వచ్చి అదే మద్రాసు మీద గుండ్లు వేసి ఆయిలు ట్యాంకులు తగలబెట్టింది. ఆ వారం తెలుగు పేపరు ఎన్ని ఇళ్ళలో మిరపకాయ బజ్జీల పొట్లం అయిందో. కానీ వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం లాంటి లైబ్రరీ కూడా మన ఊళ్ళోదే. అక్కడ పాత తెలుగు పత్రికలు ఏళ్ళకేళ్ళు కట్టలు కట్టి దాచారు. పొట్లం కట్టినవాళ్ళ పోలికే మనకి రావాలని ఏముంది? పైగా పొట్లం కట్టినవాడు మొత్తం పేపరు వాడతాడు, ఒక్క బొమ్మ కోసి దానికి నలభై డాలర్లు అడగడు.

కళాకారులు కోయలేదా అని ఇంకొకరు అడిగారు. కోశారు. వాన్ గో 1883లో పదేళ్ళ గ్రాఫిక్ సంపుటాలు కొని, బొమ్మలు విడదీసి మందపాటి కాగితం మీద అంటించుకున్నాడు. ఆయన దాచుకున్న బొమ్మలు ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో ఉన్నాయి. అప్పటికి ఆ పేపర్లు కొన్నేళ్ళ పాతవి, ప్రతి వీధిలో ఉండేవి. ఆయన వాటి నుంచి బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. మీరు వాన్ గో అయితే కోసుకోండి, నేను మాట్లాడను.

కాబట్టి కొనేవాళ్ళని నేను అడిగేది కొంచెమే. విడి పేజీ కొనేముందు "మిగతా సంచిక ఉందా" అని ఒక్కసారి అడగండి. ఉంటే మొత్తానికి రేటు అడగండి. చాలాసార్లు రెండు ఫ్రేముల ఖరీదులో మొత్తం వస్తుంది. అమ్మేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, అడిగేవాడు లేక కోస్తున్నారు. సంచిక ముప్ఫై డాలర్లకి కదలదు, అందులోని నాలుగు బొమ్మలు తలా నలభైకి వారంలో పోతాయి. ఈ లెక్క మార్చగలిగింది మనమే. ఇప్పటికే కోసిన పేజీ మీ దగ్గరుంటే వెనక వైపు ఫోటో తీసి పెట్టుకోండి, పేపరు పేరూ తేదీ తెలిస్తే పెన్సిల్‌తో అంచున రాయండి. లామినేషన్ వద్దు, సెల్లో టేపు అసలే వద్దు. ఆమ్లం లేని అట్టపెట్టెలో పడుకోబెట్టి ఉంచండి. బేస్‌మెంట్‌లో మాత్రం కాదు, మంచు కరిగే నెలలో మన బేస్‌మెంట్ల సంగతి మీకు తెలుసు. ఒట్టావాలోని కెనేడియన్ కన్సర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు కాగితాన్ని ఎలా చూసుకోవాలో ఉచితంగా సలహా పత్రాలు ఇస్తారు, చదవండి.

అంకుల్‌కి ఇంకో మాట కూడా చెప్పాను. ఆయన మూడు ఫ్రేముల్లో మన తెలుగువాడు ఒక్కడూ లేడు. నా దగ్గరున్న 1914, 15 సంచికల్లో కూడా భారతీయ సైనికుడంటే సిక్కు, గూర్ఖా, పఠాన్. పశ్చిమ గోదావరి మాధవరం నుంచి తరతరాలుగా సైన్యంలోకి వెళ్ళినవాళ్ళున్నారు. మద్రాస్ సాపర్స్ ఉన్నారు. బొమ్మల్లో వాళ్ళు కనపడరు. కానీ అక్షరాల్లో వెతకొచ్చు. చిన్న టైపులో, ప్రకటనల పక్కన, ఓడ పేర్ల కింద ఎక్కడైనా మద్రాసు అనే మాట దొరకొచ్చు. ఆ చిన్న టైపు ఆయన గోడ మీద లేదు. కోసినవాడు వదిలేసింది అదే.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఫ్రేము వెనక ఏముందో చూస్తాలే" అన్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఇంత పొడుగ్గా రాసింది ఇందుకే. పోయిన వారం ఆ షాపాయన ఫోన్ చేశాడు. ఏదో పాత ఇంటి నుంచి 1877 జులై నుంచి డిసెంబరు దాకా ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ బైండు సంపుటం వచ్చిందట. వెన్ను ఊడింది, పేజీలన్నీ ఉన్నాయి. అందులో ప్లెవ్నా ఉంది. అక్టోబరు 20 సంచికలో బెంగళూరులో కరువు సాయం కోసం ఎదురు చూస్తున్న జనం బొమ్మ ఉంది. దాని వివరణ కూడా ఉండాలి, ఎందుకంటే ఇంకా ఎవరూ కోయలేదు. అవ్వ అడిగింది గ్రాఫిక్ బొమ్మ గురించి, ఇది వేరే పత్రిక, నాకు తెలుసు. అయినా అదే కరువు, అదే నెల.

ఆరు వందల డాలర్లు అడిగాడు. నేను నాలుగు వందలన్నాను. విడిపేజీలుగా అమ్మితే తనకి రెండు వేలు వస్తాయని మర్యాదగానే చెప్పాడు. అది నిజమే అయుంటుంది. శనివారం దాకా ఆగుతానన్నాడు, ఆ తర్వాత టేబుల్ మీదకి తీసుకుంటాడట. నేను ఐదు వందల ఇరవై దాకా సర్దుకున్నాను. నిన్న రాత్రి మిస్సిసాగా అంకుల్ మెసేజ్ పెట్టారు: "మిగతాది నేనిస్తాను, కానీ మొదట నాకు చూపించాలి."

షాపు తొమ్మిదికి తెరుస్తాడు. గంటన్నర దారి. ఏడుకే బయల్దేరతాను.